స్థానిక సంస్థల పురస్కారాలు: మార్కులెవరివి, ఆలోచనెవరిది?

స్థానిక ప్రభుత్వాలు, అంటే గ్రామ పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాలు, తాము చేసిన మంచి పనికి గుర్తింపు కోరుతూ పై ప్రభుత్వాలకు దరఖాస్తు చేసుకోవడం గత రెండు దశాబ్దాల్లో పరిపాలనలో భాగమైపోయింది. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం ఈ విషయంలో వెనకబడి లేదు. 2023 ఏప్రిల్ 17న ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము జాతీయ పంచాయతీ పురస్కారాలను అందజేసినప్పుడు, మహబూబ్‌నగర్ జిల్లా హన్వాడ మండలంలోని కొంగట్‌పల్లి సామాజిక భద్రత విభాగంలోనూ, సూర్యాపేట జిల్లా ఆత్మకూర్(ఎస్) మండలంలోని ఏపూరు మహిళా స్నేహపూర్వక విభాగంలోనూ దేశంలో మొదటి స్థానం పొందగా, జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలంలోని మాన్‌దొడ్డి పేదరికం లేని పంచాయతీల విభాగంలో రెండో స్థానంలో నిలిచింది. వలస కూలీలను సూచించే 'పాలమూరు లేబర్' అన్న మాట ఏ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పేరు మీద దేశమంతా చలామణి అయిందో, ఆ జిల్లా ఊరే పేదరికం లేని పంచాయతీగా ఢిల్లీ దాకా వెళ్లడం చిన్న విషయం కాదు. ఆ ఘనతను ఏమాత్రం తగ్గించకుండానే, ఇలాంటి పురస్కారాలు నిజానికి దేన్ని కొలుస్తున్నాయన్నది పరిశీలించవలసి ఉంది.

పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఏటా ఆ తేదీనే జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం జరుపుతున్నారు. అయితే ఊళ్ల మధ్య పోటీని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది 2003లో ప్రకటించిన నిర్మల్ గ్రామ్ పురస్కారం. ఊరిలో ఇంటింటికీ, బడికీ, అంగన్‌వాడీకీ మరుగుదొడ్డి ఉండాలి, బహిరంగ మలవిసర్జన పూర్తిగా ఆగిపోవాలి, బయటి సంస్థ వచ్చి దాన్ని నిర్ధారించాలి. అప్పుడే పంచాయతీకి జనాభాను బట్టి నగదు బహుమతి. ఈ పురస్కారం వేలాది ఊళ్లను కదిలించిన మాట నిజం. ఆ తరువాత జరిగిన అధ్యయనాలు మరో సంగతి బయటపెట్టాయి: పురస్కారం అందుకున్న ఊళ్లలోనే చాలామంది మళ్లీ చెంబు పట్టుకుని బయటికి పోతున్నారు. మరుగుదొడ్డి కట్టారు గానీ నీళ్లు లేవు; బోరు ఎండిన ఊరిలో తాగడానికే బిందెలతో మోసుకువచ్చే ఆడవాళ్లు, మరుగుదొడ్డికి మరో రెండు బకెట్లు మోయలేక దాన్ని వదిలేశారు. గుంత సరిగ్గా తవ్వనిచోట, తలుపు ఊడినచోట ఆ గది కట్టెలు, పిడకలు దాచుకునే కొట్టుగా మారిపోయింది. తనిఖీ బృందం వచ్చిన నాటి పరిస్థితికి బహుమతి ఇచ్చారే తప్ప, రెండేళ్ల తరువాత ఆ ఊరు ఎలా ఉందో చూసే ఏర్పాటు ఆ పథకంలో బలంగా లేకపోయింది.

ఆ తరువాత కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2022లో తన జాతీయ పంచాయతీ పురస్కారాల స్వరూపాన్ని మార్చింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను గ్రామస్థాయికి కుదించి, పేదరిక నిర్మూలన, ఆరోగ్యం, బాలల సంక్షేమం, నీటి సమృద్ధి, పచ్చదనం-పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళా స్నేహపూర్వకత అనే తొమ్మిది విభాగాలుగా చేసింది. కొంగట్‌పల్లి, ఏపూరు, మాన్‌దొడ్డి గెలిచింది ఈ కొత్త పద్ధతిలోనే. దీనికి తోడు పంచాయతీ పురోగతి సూచిక అనే కొలమానం వచ్చింది. అంటే పింఛన్ల నుంచి టీకాల దాకా, నల్లా నీళ్ల నుంచి బడిలో హాజరు దాకా ఊరికి సంబంధించిన అంకెలన్నింటినీ ఒకచోట చేర్చి, వందకు ఇన్ని మార్కులని పంచాయతీకి వేయడం. 2022-23 సంవత్సరానికి 435 సూచికలతో తయారైన మొదటి నివేదిక 2025 ఏప్రిల్‌లో వెలువడింది. లెక్కలోకి తీసుకున్న 2,16,285 పంచాయతీలలో తొంభై మార్కులు దాటింది ఒక్కటీ లేదు. డెబ్భై అయిదుకూ తొంభైకీ మధ్య మార్కులతో ముందువరుసలో నిలిచినవి 699 మాత్రమే కాగా, వాటిలో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. రెండో విడతలో సూచికలను 147కు తగ్గించారు, మొదటిసారి అడిగినన్ని వివరాలు నింపడం పంచాయతీలకు ఎంత భారమో దీన్నిబట్టే ఊహించవచ్చు.

తెలంగాణ ఊళ్లు ఇంత పెద్ద సంఖ్యలో ముందువరుసలో ఉండడానికి కారణం వెతకడం కష్టం కాదు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం కలిసి ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శిని, ఒక ట్రాక్టరును, నర్సరీని, డంపింగ్ యార్డును, వైకుంఠధామం పేరిట శ్మశానవాటికను, పల్లె ప్రకృతి వనాన్ని ఇచ్చాయి. నాటిన మొక్కల్లో నూటికి ఎనభై అయిదు బతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలని చట్టంలోనే రాసి పెట్టారు. పొద్దున్నే ట్రాక్టరు తిరిగి చెత్త ఎత్తిన సంగతి నుంచి మొక్కకు నీళ్లు పోసిన సంగతి దాకా ఫొటో తీసి, జియో ట్యాగ్‌తో, అంటే ఏ చోట ఎన్ని గంటలకు తీశారో తెలిపే గుర్తుతో, యాప్‌లో పెట్టడం కార్యదర్శి దినచర్య అయింది. కాబట్టి పురస్కారానికి కావలసిన ఆధారాలు ఈ ఊళ్లలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

అయితే ఇక్కడే ఒక తేడా గమనించాలి. వైకుంఠధామం కట్టాలన్నదీ, ట్రాక్టరు కొనాలన్నదీ ఊరు చేసిన ఆలోచనలు కావు. హైదరాబాదులో తయారై, పన్నెండు వేలకు పైగా పంచాయతీల్లో ఒకే తీరుగా అమలైన కార్యక్రమం అది. చక్కగా అమలు చేయడం గొప్పే, అందులో సందేహం లేదు, కానీ అది వేరు, తన కష్టానికి తానే ఒక కొత్త దారి కనిపెట్టడం వేరు. మన పురస్కారాలు చాలావరకు మొదటిదానికే మార్కులు వేస్తున్నాయి. వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. మద్యనిషేధం, తాగునీరు, పారిశుద్ధ్యం, ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని ఆ ఊరివాళ్లు తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. ముందు పని జరిగింది, నిర్మల్ గ్రామ్ పురస్కారం తరువాత వచ్చింది.

పట్టణాల సంగతీ ఇంచుమించు ఇదే. 2016లో 73 నగరాలతో మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్ అనే పరిశుభ్రత పోటీ 2022 నాటికి 4,354 పట్టణాలకు విస్తరించింది. ఆ ఏడు మొత్తం 7,500 మార్కుల్లో 3,000 చెత్త సేకరణ వంటి సేవలకు, 2,250 ధ్రువీకరణ పత్రాలకు, మిగిలిన 2,250 ప్రజల అభిప్రాయానికి కేటాయించారు. గెలిచిన తెలంగాణ పట్టణాల్లో మహబూబ్‌నగర్ జిల్లా భూత్‌పూర్, నల్లగొండ జిల్లా చండూరు, చిట్యాల, సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల ఉన్నాయి. ఇవన్నీ నాగర్‌కర్నూల్ జిల్లాలోని కల్వకుర్తి లాంటి చిన్న పట్టణాలే. జిల్లా కేంద్రాలు కావు, పెద్ద ఆదాయ వనరులున్నవీ కావు. పెద్ద నగరాలకే ఇలాంటివి సాధ్యమన్న సాకు ఇక చెల్లదు. కాకపోతే ప్రజల అభిప్రాయానికి మార్కులున్నాయని తెలిసినచోట, పౌరుల ఫోన్లు అడిగి తీసుకుని సిబ్బందే మెచ్చుకోలు నమోదు చేసుకునే అవకాశం ఉంటుందని, అలాంటప్పుడు అది ఎవరి అభిప్రాయమో చెప్పడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

బయటి దేశాల్లో, పైనుంచి వచ్చిన పని అమలుకూ సొంత ఆలోచనకూ మధ్య ఉన్న ఈ తేడాను మొదటి నుంచీ పాటించిన పురస్కారాలు లేకపోలేదు. ఫిలిప్పీన్స్‌లో 1993లో మొదలైన గాలింగ్ పూక్ పురస్కారం స్థానిక ప్రభుత్వం సొంతంగా చేసిన ప్రయోగాన్నే చూస్తుంది. కాగితాలు చూసిన తరువాత నిపుణులు ఊరికి వెళ్లి పరిశీలిస్తారు, ఆ పైన నాయకులు న్యాయనిర్ణేతల ఎదుట కూర్చుని జవాబు చెప్పాలి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరం 1989లో బడ్జెట్‌లోని పనుల ప్రాధాన్యాన్ని పేటల వారీ సభల్లో ప్రజలే నిర్ణయించే పద్ధతి మొదలుపెట్టింది. ఏ పోటీ కోసమూ పుట్టని ఆ ప్రయోగాన్ని 1996లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి ఆవాస సదస్సు ఆదర్శ విధానాల్లో ఒకటిగా గుర్తించింది. తెలుగు నేలకు దక్కిన అంతర్జాతీయ గుర్తింపుల్లో చెప్పుకోదగినది 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లికి ఇచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం బిరుదు. అప్పటికే పోచంపల్లి పురపాలక సంఘం అయిపోయిందన్నది వేరే సంగతి!

కల్వకుర్తి ప్రాంతంలో కొత్త ఆలోచనలకు కావలసినంత పని ఉంది. పంట లేని నెలల్లో తల్లిదండ్రులు వలస వెళితే పిల్లలు బడి మానకుండా ఉమ్మడి పాలమూరులో సీజనల్ హాస్టళ్లు నడిపారు. పక్కనున్న నల్లగొండలో తాగునీటిలోని ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. ఇవి ఈ నేల కష్టాల్లోంచి పుట్టిన పరిష్కారాలు. దేశమంతటికీ ఒకే పట్టికలో మార్కులు వేసే సూచిక ఇలాంటి పనిని పూర్తిగా పట్టుకోలేదు, పట్టుకోవాలని ఆశించడమూ న్యాయం కాదు. అందువల్ల తొమ్మిది విభాగాలకు తోడు, ఊరు తన సొంత సమస్యకు తానే వెతుక్కున్న పరిష్కారానికి రాష్ట్ర ప్రభుత్వమే ప్రత్యేకంగా ఒక పురస్కారం పెట్టి, ఇచ్చిన రెండేళ్లకు మళ్లీ వెళ్లి చూసే షరతు విధించడం మంచిది. డబ్బు కొరత అడ్డు కాకూడదు. 2024 డిసెంబరులో కేంద్రం ఎంపిక చేసిన పంచాయతీలు, సంస్థలు కలిపి 45 విజేతలకే 46 కోట్ల రూపాయలు బహుమతిగా అందాయి.

పురస్కారాల గురించి మాట్లాడేటప్పుడు దాటవేయరాని సంగతి మరొకటి ఉంది. 2023లో ఢిల్లీలో బహుమతులు అందుకున్న తరువాత ఏడాది తిరగకముందే, 2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణ పంచాయతీల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు జరగక ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి వెళ్లాయి, ఎన్నికైన పాలకవర్గం లేనందున కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగేదాకా, దేశంలో మొదటి స్థానం పొందిన ఊరికి కూడా సర్పంచి లేడు. సూచికలో ముందువరుసలో నిలిచిన రాష్ట్రానికి ఇది గౌరవం తెచ్చే విషయం కాదు.

ఇప్పుడు కొత్త సర్పంచులు కుర్చీల్లో ఉన్నారు. రాష్ట్ర చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. పంచాయతీ పురోగతి సూచికలో తమ ఊరికి ఏ విభాగంలో ఎన్ని మార్కులు వచ్చాయో, ఆ మార్కులకు పంపిన అంకెలు ఏమిటో తదుపరి గ్రామసభలో చదివి వినిపించమని కల్వకుర్తి పరిసర గ్రామాల పాఠకులు అడగాలి. ఊరిలో లేని పనికి మార్కులు పడి ఉంటే అక్కడే లేచి చెప్పాలి, ఉన్న పని లెక్కకెక్కకపోతే అదీ చెప్పాలి. పురస్కారానికి దరఖాస్తు పంపడం ఆ తరువాతి పని.