బార్సిలోనా చేరిన మేకపిల్ల

తొంభైల చివర మా ఊరి ఎస్సీ కాలనీలో సాయంత్రం బడి ఒకటి నడిచేది. గవర్నమెంటు బడి వదిలాక పిల్లలు ఇంటికి పోయి, మొహం కడుక్కుని, సంచి తగిలించుకుని మళ్లీ అక్కడ చేరేవాళ్లు. దాన్ని అందరూ ఆర్డీటీ బడి అనేవాళ్లు. నేను ఆ కాలనీ వాణ్ని కాదు. ఊరి నడుమ ఇల్లు, ఐదెకరాల శెనక్కాయ చేను ఉన్నవాళ్ల పిల్లవాణ్ని. లెక్కలు అక్కడే బాగా చెప్తారని పోయేవాణ్ని. మా జేజికి అది నచ్చేది కాదు. ఎందుకు నచ్చదో ఆమె చెప్పేది కాదు, నాకు తెలిసేది.

ఒకరోజు అయ్యవారు నా పక్కన కూర్చున్న స్నేహితుడికి తెల్లకాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి "స్పాన్సర్‌కు ఉత్తరం రాయి" అన్నాడు. వాడు ముందు బొమ్మ మొదలుపెట్టినాడు. ఇల్లు, వేపచెట్టు, చెట్టు కింద మేకపిల్ల. మేకపిల్ల కుక్కలాగ వచ్చింది. కొమ్ములు పెట్టినాక కొంచెం సర్దుకుంది. బొమ్మ కింద నాలుగు ముక్కలు రాసినాడు. నేను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను, ఈసారి వాన లేదు, మా మేక ఈనింది. రాసి నా వైపు తిరిగి "ఈనింది అని రాస్తే వాళ్లకు తెలుస్తుందంటావా?" అని అడిగినాడు. స్పెయిన్‌లో మేకలుంటాయో లేదో కూడా నాకు తెలీదు.

ఆ కాగితం అనంతపురం ఆఫీసుకు పోయేది. అక్కడ తెలుగు ఇంగ్లీషయ్యేది, ఇంగ్లీషు స్పానిషయ్యేది. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. సముద్రం ముందర నిలబడిన ముసలి జంట ఫొటో. వాడి అమ్మ దాన్ని వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన అంటించింది. ఇంటికి ఎవరొచ్చినా "మావాళ్లే, స్పెయిన్‌లో ఉంటారు" అని చూపించేది. నాకు స్పాన్సర్ లేడు. మా ఇంట్లో చేను ఉంది కాబట్టి ఉండడు. కాలనీ ఇంట్లో ఉన్నదాన్ని చూసి ఊరివాడు ఒకడు అసూయపడడం మా ఊళ్లో బహుశా అదే మొదటిసారి.

మన ప్రవాస తెలుగు సంఘం ఈ ఏడాది సంచికకు ఒక సేవాసంస్థను పరిచయం చేయమని సంపాదకవర్గం అడిగినప్పుడు నాకు ఆ కుక్కలాంటి మేకపిల్లే గుర్తొచ్చింది. మనవాళ్లు నడిపే ఫౌండేషన్లు చాలా ఉన్నాయి, మంచివీ ఉన్నాయి. వాటి గురించి ఏటా రాసుకుంటూనే ఉన్నాం, పెద్ద అట్టచెక్కు పట్టుకుని ఎనిమిదిమంది నవ్వుతున్న ఫొటోతో సహా. మన పిల్లల కోసం మన భాష రాని జనం, మన ఊరి పేరు పలకలేని జనం, యాభై ఏళ్లకు పైగా కూడబెట్టి నడిపిస్తున్న సంస్థ గురించి మాత్రం మన సంచికల్లో ఎక్కడా చూసిన గుర్తు లేదు.

ఆ సంస్థ ఆర్డీటీ. దాన్ని పెట్టినాయన అనంతపురం వాళ్లకు ఫాదర్. పత్రికలకు విన్సెంట్ ఫెర్రర్. సొంతవాళ్ల నోట విసెంటె. 1920లో బార్సిలోనాలో పుట్టినాడు. కుర్రవాడిగా ఉండగానే స్పెయిన్ అంతర్యుద్ధంలో తుపాకీ పట్టాల్సి వచ్చింది. తర్వాత జెస్యూట్ క్రైస్తవ గురువుల సంఘంలో చేరి 1952లో బొంబాయిలో దిగినాడు. మహారాష్ట్రలో మన్మాడ్ చుట్టుపక్కల రైతులతో బావులు తవ్వించడం మొదలుపెట్టినాడు. అది పెరిగిన కొద్దీ పెద్ద భూములున్న వాళ్లకు, రాజకీయులకు కంటగింపు అయింది. 1968లో దేశం విడిచిపొమ్మన్నారు. ఆయన్ను పంపొద్దని ముప్పై వేలమంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయికి 250 కిలోమీటర్లు నడిచినారు. ఆయన స్పెయిన్‌కు పోయి, కొన్నాళ్లకే ఇందిరాగాంధీ అనుమతితో మళ్లీ వచ్చినాడు. మహారాష్ట్రలో ఇక చోటు లేదు. 1969లో అనంతపురం చేరినాడు. అంత పచ్చటి దేశంలో ఈ ఎండు జిల్లాను ఏరుకున్నందుకు అప్పట్లో చాలామంది నవ్వుకుని ఉంటారు. తక్కువ వానల లెక్కలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత మనదే అని మేం చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నాం, అదేదో ఘనకార్యమైనట్టు.

ఆయన వచ్చిన ఏడే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అదే ఆర్డీటీ, పుట్టింది. మరుసటి ఏడాది ఆయన గురువు హోదా వదిలి, బొంబాయిలో పత్రికలో పనిచేసిన ఇంగ్లీషు అమ్మాయి అన్నేను పెళ్లి చేసుకున్నాడు. ఆస్పత్రులు, ఆడవాళ్ల సంఘాలు, వికలాంగుల బడుల వెనక ఎక్కువ కష్టం ఆమెది. ఫాదర్ పేరు మోగినంతగా ఆమె పేరు బయట మోగలేదు. జిల్లాలో మాత్రం ఆమె అమ్మే.

ఇక డబ్బు ఎలా నడుస్తుందో చెప్పాలి. సంఘం పనుల్లో చెయ్యి పెట్టినవాళ్లకు అదే కదా అసలు ఆసక్తి. 1996లో బార్సిలోనా కేంద్రంగా విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ఏర్పడింది. ఒక స్పెయిన్ కుటుంబం ఒక పిల్లనో పిల్లవాడినో "దత్తు" తీసుకుని నెలకు ఇరవై యూరోలు అటూ ఇటూగా కడుతుంది. యూరోలు రాకముందు పెసెటాలు. అలాంటి కుటుంబాలు లక్షకు పైగా. ఇందులో కోటీశ్వరుల పాత్ర తక్కువ. ఎక్కువమంది టీచర్లు, నర్సులు, దుకాణం నడుపుకునేవాళ్లు, పింఛను మీద బతికే ముసలివాళ్లు. సంక్షోభం వచ్చి అక్కడ ఉద్యోగాలు పోయిన 2008 తర్వాతి రోజుల్లో కూడా ఈ పద్ధతి కూలకుండా నిలబడింది.

ఆ డబ్బు పిల్లవాడి చేతికి రాదు, వాళ్ల నాయన చేతికీ రాదు. నా స్నేహితుడి పేరు మీద వచ్చింది వాడి ఊరికి పోతుంది. సాయంత్రం బడి అయ్యవారికి, పక్కా ఇండ్లకు, చెక్‌డ్యాములకు, ఆరోగ్య కార్యకర్తకు. అందుకే స్పాన్సర్ ఉన్నవాడూ లేనివాడూ ఒకే బడిలో కూర్చున్నారు, నాలాంటి ఊరి పిల్లవాడితో సహా. ఇండ్లు కట్టినప్పుడు పట్టా ఆడమనిషి పేరు మీద ఉండాలని పట్టుబట్టినారు. మొదట్లో మగవాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకోక తప్పింది కాదు, ఇల్లు కావాలి కదా. మొగుడు తాగొచ్చి "బయటికి పో" అంటే "యాడికి పోవల్ల? ఇల్లు నాది" అన్న ఆడమనిషి మాట ఆ కాలనీలో చానాళ్లు తిరిగింది.

ప్రతి ఊరికీ వచ్చిపోయే సీవో ఒకడుండేవాడు. కమ్యూనిటీ ఆర్గనైజర్ అన్న పూర్తి మాట ఎవరికీ నోరు తిరగదు. పాత మోపెడ్, చంకలో రిజిస్టరు. ఏ పిల్ల బడికి రావడం లేదు, ఏ ఇంట్లో పద్నాలుగేళ్లకే పెళ్లి మాటలు నడుస్తున్నాయి, ఎవరికి చంటిబిడ్డ బరువు తగ్గింది, అన్నీ ఆ రిజిస్టరులో ఉండేవి. మనం ఇక్కడ డిన్నర్లు పెట్టి, వేలంపాటలు పాడి లక్ష డాలర్లు పోగుచేస్తాం. అక్కడ ఆ మోపెడ్ మనిషికి జీతం ఇవ్వడానికి మాత్రం మనకు చెయ్యి రాదు. "అడ్మిన్ ఖర్చులు ఎంత?" అని మొదటి ప్రశ్న వేస్తాం. ఆ ప్రశ్న వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. రిజిస్టరు పట్టుకుని తిరిగే మనిషి జీతం ఖర్చు కింద రాసుకుంటామా, పని కింద రాసుకుంటామా అన్నది ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తోంది.

ఇప్పుడు ఈ సంస్థ మూడు వేలకు పైగా ఊళ్లలో ఉంది. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలు దాటి కర్నూలు వైపు, నల్లమలలో చెంచు గూడేల దాకా. బత్తలపల్లి ఆస్పత్రి 2000లో తెరిచినారు. కళ్యాణదుర్గం, కణేకల్లులో కూడా ఆస్పత్రులున్నాయి. హెచ్‌ఐవీ అంటే డాక్టర్లే దూరం జరిగిన రోజుల్లో ఆ రోగులను చేర్చుకున్నది బత్తలపల్లే. కోవిడ్ వచ్చినప్పుడు జిల్లా బరువులో పెద్ద వంతు మోసిందీ అదే. అనంతపురం క్రీడాగ్రామం సంగతి చాలామందికి తెలుసు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడ ఆడినారు, మన వాట్సాప్ గ్రూపులన్నీ మా ఊరు మా ఊరు అని ఊగిపోయాయి. అదే ఆవరణలో రఫేల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి 2010లో టెన్నిస్ బడి పెట్టినారు. నాదల్ స్వయంగా వచ్చినాడు. టెన్నిస్ నేర్పే చోటే ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. రాకెట్ పట్టుకున్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లే.

స్పెయిన్ వైపు వాలంటీర్ల గురించి వినడమే గాని, దగ్గరగా చూసింది ఒక్కసారే. పని మీద బార్సిలోనా పోయినప్పుడు ఒక వీధి మూల చిన్న బల్ల, దాని మీద కరపత్రాలు, చేతితో చేసిన సంచులు, గాజులు. బల్ల వెనక డెబ్బై ఏళ్ల ఆవిడ. ఆ సంచులు అనంతపురంలో వికలాంగులైన ఆడవాళ్లు చేసినవి. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లకు పంచడానికి ఇలాంటివి కొనుక్కుపోతారట. మాది అనంతపురం అని నేను అనగానే ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు స్పానిష్ రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. "కదిరి, ధర్మవరం, ఉరవకొండ" అని ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది, తిరుమల మెట్లు లెక్కపెట్టినట్టు. ఉరవకొండలో రకారం ఆవిడ నోట దొర్లిన తీరు మా ఊళ్లో ఎవరికీ రాదు.

ఏటా వేలమంది స్పెయిన్ నుంచి అనంతపురం వస్తారు, తమ పిల్లలను చూసుకోవడానికి. ఊళ్లోకి జీపు రాగానే తప్పెట్లు, పూలదండలు, టెంకాయలు, బొట్లు. నేను చిన్నప్పుడు ఆ సంబరానికి పరిగెత్తినవాణ్నే, కానీ పెద్దయ్యాక దాని మీద నాకు కొంత మనసు విరిగింది. పేదవాళ్లను వరసలో నిలబెట్టి తెల్లవాళ్లకు దండలు వేయించడం ఏమిటని. ఈ అనుమానం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నా స్నేహితుడితో ఒకసారి అంటే వాడు విసుక్కున్నాడు. "మీ ఇంటికి చుట్టం వస్తే దండ ఎయ్యవా? మా ఇంటికి వచ్చేదే వాళ్లు. మీవాళ్లు యెప్పుడన్నా వచ్చినారా?" అన్నాడు. ఊరి నడుమ నుంచి కాలనీకి రెండు వందల గజాలు. నా దగ్గర జవాబు లేదు.

ఫాదర్ 2009 జూన్ 19న అనంతపురంలో పోయినారు. బత్తలపల్లిలో సమాధి చేసినారు. ఆ రోజు వచ్చిన జనాన్ని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పల్లెల నుంచి లారీల్లో, ట్రాక్టర్లలో వచ్చినవాళ్లు. తర్వాత పని ఆగుతుందని అనుకున్నవాళ్లు ఉన్నారు. అన్నే, కొడుకు మాంచో నడిపించినారు.

పని ఆగే పరిస్థితి వేరే దారిలో వచ్చింది. విదేశీ విరాళాల చట్టాన్ని, అదే ఎఫ్‌సీఆర్‌ఏని, 2020లో బిగించినారు. బయటి నుంచి వచ్చే ప్రతి రూపాయీ ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో పడాలి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. 2025లో ఆర్డీటీ రెన్యువల్‌కు కేంద్రంలో అడ్డం పడినప్పుడు అనంతపురం రోడ్డెక్కింది. పార్టీలకతీతంగా నాయకులు గొంతు కలిపినారు. కాలనీ ఆడవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడినారు. మా ఊరి నుంచి పోయినవాళ్లలో నా స్నేహితుడి అమ్మ ఉంది.

సందర్భం వచ్చింది కాబట్టి మన సభ్యులకు ఒక మాట. ఇంకా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత కష్టార్జితం నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు ఉన్నా సరే. మన సంఘం ఖాతా నుంచి పంపినా అంతే. పోయిన ఏడాది ఒక అనాథాశ్రమానికి మనం పోగుచేసింది ఇదే కారణంగా ఏడు నెలలు ఇక్కడే మూలిగింది. చెక్కు ఫొటో మాత్రం అప్పటికే అచ్చయిపోయింది.

ఆర్డీటీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇండియా ఫర్ ఇండియా అనే పని. స్పెయిన్ డబ్బుతో ఇండ్లు కట్టుకున్న జనానికే చిన్న హుండీలు ఇచ్చినారు. రోజుకో రూపాయి వేయమన్నారు. పోగైంది తల్లిదండ్రులు లేని పిల్లలకు, దిక్కులేనివాళ్లకు. మొన్న ఊరికి పోయినప్పుడు నా స్నేహితుడి ఇంట్లో వెంకటేశ్వరస్వామి కింద ఆ హుండీ ఉంది. వాడిప్పుడు ధర్మవరంలో ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరు పిల్లలు. వాళ్లకు స్పాన్సర్ అక్కర్లేదు. కూలి నుంచి వచ్చిన వాడి అమ్మ కొంగు ముడి విప్పి రెండు రూపాయల బిళ్ల అందులో వేసి, "ఒగ రూపాయి నీది" అని నాకేసి చూసింది. నేను జేబులు తడుముకున్నాను. ఫోన్ తప్ప చిల్లర లేదు.

ముసలి జంట ఫొటో అక్కడే ఉంది, అంచులు పసుపెక్కి. ఆ పెద్దాయన పోయినాడని, కూతురు ఉత్తరం రాసిందని నా స్నేహితుడు చెప్పినాడు. ఆఫీసు ద్వారానే వచ్చిందట, తెలుగులో. తీసి చూపించినాడు. తండ్రి డ్రాయర్‌లో పాత కాగితాలు సర్దుతుంటే వేపచెట్టు బొమ్మ కనబడిందట. చివర ఒక ప్రశ్న. ఆ మేక, దాని పిల్ల ఎలా ఉన్నాయి?

"ఏం రాసినావు?" అన్నాను.

మేకలు అమ్మి పద్దెనిమిదేళ్లయింది. "ఏం రాసేది?" అన్నాడు. "పక్కింటోళ్ల మేకను పట్టకచ్చి, పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపిస్తి."