రిబ్బన్ కత్తిరించారు సరే.. గడ్డి ఎవరు కత్తిరిస్తారు?

కొత్త పార్కు కట్టడానికి ఎక్కడో ఒకచోట డబ్బు దొరుకుతుంది. కట్టిన పార్కును రోజూ ఊడ్చి, నీళ్లు పెట్టి కాపాడే మనిషికి జీతమివ్వడానికే దొరకదు. ఇది మన కాలనీ కష్టమే అనుకుంటున్నారా? ప్రపంచంలోకెల్లా పేరున్న పార్కు ఒకటి ఇదే కష్టంతో ఎండిపోయి, మళ్లీ చిగురించింది.

అమెరికాలో ఉన్న కొడుకునో కూతుర్నో చూసొచ్చిన అమ్మానాన్నల ఆల్బమ్ ఒకటి తిరగేయండి. లిబర్టీ విగ్రహం ముందు ఒక ఫొటో, నయాగరా దగ్గర రెయిన్‌కోట్లలో ఒకటి, న్యూయార్క్ సెంట్రల్ పార్కు పచ్చికలో కూర్చుని ఒకటి.. ఈ మూడూ దాదాపు ఖాయం. ఆ మూడో ఫొటోలో అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చున్న చోటు పేరు 'షీప్ మెడో' అయ్యుండొచ్చు. అంటే గొర్రెల బీడు. పేరుకు కాదు, 1934 దాకా అక్కడ నిజంగానే గొర్రెలు మేసేవి.

వెనక ఆకాశహర్మ్యాలు, కింద తివాచీలాంటి గడ్డి. ఫొటో చూసినవాళ్లు 'మన పార్కులూ ఉన్నాయి ఎందుకూ..' అని ఓ నిట్టూర్పు విడుస్తారు. కానీ 1970ల్లో అదే చోట కూర్చుని ఉంటే లేచాక చీర బాగా దులుపుకోవాల్సి వచ్చేది. అప్పుడక్కడ గడ్డి లేదు. ఉన్నదంతా దుమ్మే.

843 ఎకరాల సెంట్రల్ పార్కు నమూనాను 1858లో ఎంపిక చేశారు. గీసింది ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అనే ఇద్దరు. చూడ్డానికి సహజంగా పెరిగిన అడవిలా, కొండలా ఉంటుంది కానీ చెరువుతో సహా చాలా భాగం మనుషులు చేసిందే. మనుషులు చేసినదాన్ని మనుషులే కాచుకోవాలి కదా! ఆ కాచుకునేవాళ్లు తగ్గిపోయారు. బెథెస్డా ఫౌంటెన్ చుట్టూ ఉన్న రాతి చెక్కడాల మీద రంగు స్ప్రేలతో పిచ్చిరాతలు. బెల్వెడీర్ కోటకు తాళం, లోపల ఆకతాయిల విధ్వంసం. చీకటి పడితే అటు వెళ్లడానికి భయం. గొర్రెల బీడు సంగతి సరేసరి. 1967లో బార్బ్రా స్ట్రైసాండ్ పాట కచేరీకి లక్ష మందికి పైగా జనం వచ్చింది అక్కడికే. అలాంటి సభలూ సంబరాలూ జరిగాక గడ్డి మళ్లీ వేసి, నీళ్లు పెట్టి, కొన్నాళ్లు ఎవరినీ తొక్కనివ్వకుండా కాపాడితేనే నేల కోలుకుంటుంది. ఆ పనికి మనుషులేరీ?

పార్కీ వెళ్లిపోయాడు

న్యూయార్క్‌లో పాతకాలం వాళ్లకు 'పార్కీ' అనే మాట బాగా తెలుసు. పేటలోని చిన్న పార్కులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండే ఉద్యోగి అతడు. ఊడుస్తాడు. పిల్లలకు బంతులిచ్చి మళ్లీ లెక్కపెట్టి తీసుకుంటాడు. ఉయ్యాల మీద నిలబడి ఊగేవాణ్ని కేకలేస్తాడు. ఫలానా పిల్లాడు ఫలానావాళ్ల అబ్బాయి అని అతడికి తెలుసు, అతడికి తెలుసన్న సంగతి పిల్లలకీ తెలుసు. సగం క్రమశిక్షణ అక్కడే వచ్చేస్తుంది.

ఆ నగరంలో ఇన్ని పార్కులూ ఆటస్థలాలూ రావడం వెనక రాబర్ట్ మోజెస్ ఉన్నాడు. 1934 నుంచి 1960 దాకా పార్కుల కమిషనర్. మహా మాంద్యం రోజులవి. నిరుద్యోగులకు పని కల్పించడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో వేల మందిని దింపి వందల ఆటస్థలాలు కట్టించాడు. పేదల, నల్లజాతి వాళ్ల పేటలకు అందులో దక్కిన వాటా తక్కువన్న విమర్శ ఆయన మీద ఇప్పటికీ ఉంది. కట్టడమైతే కట్టాడు. వాటిని నడిపే ఖర్చు మాత్రం ఏటేటా నగరమే పెట్టుకోవాలి. ఊరిచ్చిన అల్లుడు ఏనుగునిచ్చి వెళ్లినట్టుంది వ్యవహారం.. మేత ఎవరు వేస్తారు?

1975లో న్యూయార్క్ దివాలా అంచుకొచ్చింది. అప్పటిదాకా ఆ నగరం చేసిన పొరపాట్లలో ఒకటి, జీతభత్యాల్లాంటి రోజువారీ ఖర్చులకు కూడా అప్పులు తేవడం. ఇల్లు కట్టుకోవడానికి అప్పు చేస్తే అర్థముంది. ప్రతి నెలా బియ్యానికీ పాలకూ అప్పు చేస్తే? ఒకరోజు షావుకారు ఇవ్వనంటాడు. బ్యాంకులు అదే అన్నాయి. పోలీసుల్నీ పారిశుద్ధ్య కార్మికుల్నీ వేల సంఖ్యలో ఇళ్లకు పంపాల్సి వచ్చింది. ఇక పార్కుల శాఖను ఎవరు లెక్కచేస్తారు!

ఇక్కడో కిటుకుంది. పోలీసు లేకపోతే ఆ రాత్రే తెలుస్తుంది. చెత్తబండి రాకపోతే రెండో రోజుకల్లా ముక్కు మూసుకుంటాం. తోటమాలిని తీసేస్తే? ఆ వారం ఏమీ కాదు, ఆ నెలా ఏమీ కాదు. గడ్డి నెమ్మదిగా పలచబడుతుంది, కొమ్మ నెమ్మదిగా ఎండుతుంది. పార్కు పాడైందని జనం గుర్తించేసరికి మాలిని తీసేసిన అధికారీ, తీసేయమన్న నాయకుడూ మారిపోయి ఉంటారు. పద్దు కోయాల్సి వచ్చిన ప్రతిసారీ కత్తెర ముందు పార్కు వైపు తిరగడానికి కారణం ఇదే. తెలిసి చేసే పని!

పార్కీ పోయాడు. అతడి స్థానంలో లారీలో తిరిగే బృందాలు వచ్చాయి. ఒక పార్కులో చెత్త ఎత్తి మరో పార్కుకు పరుగు. కాగితం మీద ఇది చాలా పొదుపు. కానీ లారీ వెళ్లిన అరగంటకు ఉయ్యాల గొలుసు తెగితే చూసేవాడు ఉండడు. 1990ల్లో, ప్రభుత్వ భృతి తీసుకునేవాళ్లు బదులుగా పని చేయాలన్న పథకం కింద వేల మందిని పార్కులు ఊడవడానికి పంపారు. చీపురు పట్టే చేతులు దొరికాయి. ఏ మొక్కకు ఎప్పుడు ఎంత నీరు పెట్టాలో తెలిసిన చేతులు అలా దొరకవు.

ఒక్కో ముక్కకు ఒక్కో మాలి

సెంట్రల్ పార్కు మళ్లీ పచ్చబడిన కథ 1979లో మొదలైంది. గొర్రెల బీడుకు కొత్త గడ్డి వేసే పని మొదలైందీ ఆ రోజుల్లోనే. మేయర్ ఎడ్ కోచ్, పార్కుల కమిషనర్ గోర్డన్ డేవిస్ కలిసి ఆ ఒక్క పార్కు కోసం ఒక నిర్వాహకురాలిని నియమించారు. పేరు ఎలిజబెత్ బార్లో. ఓమ్‌స్టెడ్ మీద పుస్తకం రాసిన మనిషి. మరుసటి ఏడాది, 1980లో 'సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీ' అనే సంస్థ పుట్టింది. లాభాపేక్ష లేని ఈ సంస్థ విరాళాలు పోగుచేసి పార్కును బాగుచేస్తుంది, భూమి మాత్రం నగరానిదే. 1998లో నగరం పార్కు నిర్వహణనే ఒప్పందం రాసి దీని చేతికి ఇచ్చేసింది. ఇప్పుడు ఖర్చులో నాలుగింట మూడొంతులు, అంతకు పైనే, సంస్థే సమకూర్చుకుంటోంది.

చాలామంది ఈ డబ్బు సంగతే చెబుతారు. అసలు మెచ్చుకోవాల్సింది మరొకటుందని నాకనిపిస్తుంది. 1990ల్లో పార్కును 49 భాగాలు చేశారు. ఒక్కో భాగానికి ఒక్కో తోటమాలి. ఆ ముక్కలో ఎండిన చెట్టుకూ, విరిగిన బెంచీకీ, పొంగిన చెత్తబుట్టకూ జవాబు చెప్పాల్సింది అతడే లేదా ఆమే. సాయానికి స్వచ్ఛంద సేవకులుంటారు. కానీ 'ఇది నాది కాదు, ఆ బృందం వాళ్లది' అనడానికి వీల్లేదు. గమనించారా? ఇరవయ్యేళ్ల కిందట పొదుపు పేరుతో పంపేసిన పార్కీనే మరో పేరుతో వెనక్కి పిలిచారు.

మరి మిగతా పార్కులు?

సెంట్రల్ పార్కుకు ఒక పక్క ఫిఫ్త్ అవెన్యూ. కిటికీ తెరిస్తే పార్కు కనబడే ఇళ్లలో ఉండేది కోటీశ్వరులు. విరాళాలకు కొదవేముంది! 2012లో జాన్ పాల్సన్ అనే పెట్టుబడి సంస్థ అధిపతి ఒక్కరే 10 కోట్ల డాలర్లిచ్చారు. నగరమంతా చప్పట్లు కొట్టింది. బ్రాంక్స్‌లో తుప్పుపట్టిన జారుడుబల్ల దగ్గర పిల్లల్ని ఆడిస్తున్న తల్లులు మాత్రం కొట్టి ఉండరు.

న్యూయార్క్ పార్కుల శాఖ చేతిలో 30 వేల ఎకరాలకు పైగా ఉంది. నగర విస్తీర్ణంలో దాదాపు 14 శాతం. ఆ శాఖకు నగర బడ్జెట్‌లో కొన్నేళ్లుగా వస్తున్నది ఒక్క శాతం కూడా కాదు, అందులో సగానికి కాస్త అటూఇటూ. పేటల్లోని చిన్న పార్కుల్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్న గొడవ పెరిగాక, 2014లో మేయర్ బిల్ డి బ్లాసియో 13 కోట్ల డాలర్లతో 35 చిన్న పార్కుల్ని కొత్తగా కట్టే పథకం తెచ్చారు. మరుసటి ఏడాది సెంట్రల్ పార్కు సంస్థతో సహా పెద్ద పార్కుల సంస్థలు నగదుగా, సేవలుగా కోటిన్నర డాలర్ల సాయం చేస్తామన్నాయి. ధనిక పార్కుల విరాళాల్లోంచి అయిదో వంతు పేద పార్కులకు ఇప్పించాలని ఒక సెనేటర్ అప్పటికే ప్రతిపాదించి ఉన్నారు. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు.

2020 వేసవిలో ఈ లెక్కలన్నీ వీధిలో పడ్డాయి. కరోనాతో సినిమా హాళ్లు మూతబడ్డాయి, హోటళ్లు మూతబడ్డాయి. జనానికి మిగిలింది పార్కే. సరిగ్గా అప్పుడే నగరం పార్కుల శాఖకు 8.4 కోట్ల డాలర్ల కోత పెట్టింది. వేసవిలో తీసుకునే తాత్కాలిక సిబ్బంది తగ్గిపోయారు. చెత్తబుట్టలు పొంగి పొర్లాయి. పిజ్జా డబ్బాల చుట్టూ ఎలుకలు. 'బడ్జెట్‌లో ఒక శాతం పార్కులకు' అన్న నినాదం ఆ తర్వాతే ఊపందుకుంది. 2021 ఎన్నికల్లో ఎరిక్ ఆడమ్స్ ఆ మాట ఇచ్చి మేయరయ్యారు. 2025 చివర్లో పదవి దిగిపోయేదాకా అది మాటగానే ఉంది.

అక్కడి సభ్యులు పార్కులకు డబ్బివ్వరా అంటే, ఇస్తారు. తమ వాటా నిధుల్లోంచి కొత్త ఆటస్థలానికో, ఫౌంటెన్‌కో ఉత్సాహంగా కేటాయిస్తారు. కాకపోతే అది నిర్మాణ పద్దు. అప్పుపత్రాలు అమ్మి తెచ్చిన సొమ్ము, చాలా ఏళ్లు మన్నే పనులకే వాడాలి. దాంతో ఉయ్యాల కొనొచ్చు, ఉయ్యాలకు నూనె రాసే మనిషికి జీతమివ్వకూడదు. 1975 అనుభవం తర్వాత ఆ నియమం న్యాయమే. చిక్కల్లా జీతాల పద్దుకు రిబ్బన్ కత్తిరించే రోజంటూ ఉండకపోవడం. 'మీ పేటకు ఇద్దరు మాలీల జీతం తెచ్చాను' అని ఎవరైనా ఫ్లెక్సీ కట్టుకోగా చూశామా?

ఫ్లెక్సీ అన్నాం కాబట్టి మన దగ్గరికి వద్దాం. లేఅవుట్ వేస్తే 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన మనకు ఎప్పటినుంచో ఉంది. కేంద్రం 2015లో 500 నగరాలకు తెచ్చిన అమృత్ పథకంలో పార్కులకంటూ 2.5 శాతం దాకా కేటాయించే వీలు పెట్టారు. నిర్వహణకు స్థానికుల భాగస్వామ్యం ఉండాలన్నారు. తెలంగాణ 2019 పురపాలక చట్టం ఇంకో అడుగు ముందుకేసి, పురపాలక సంఘాలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలంది. న్యూయార్క్ వాళ్లు ఒక్క శాతం కోసం ఊరేగింపులు తీస్తుంటే ఇక్కడ చట్టంలోనే పది! అయితే ఆ పది మొక్కలకెంత, మొక్క నాటాక మూడో వేసవిలో నీళ్లు పోసే మనిషికెంత అన్నది విడిగా చూడాలి. న్యూయార్క్ అనుభవమంతా ఆ రెండో లెక్కలోనే ఉంది.

మన కాలనీ పార్కు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గేటు పక్కన నల్లరాతి శిలాఫలకం, దాని మీద బంగారు అక్షరాల్లో అరడజను పేర్లు. లోపల ఒక పక్క విరిగిన సీసా. కాంట్రాక్టు మారితే పాత మాలి పోతాడు, కొత్తవాడికి ఏ పైపు ఎక్కడ మూసుకుపోయిందో తెలుసుకునేసరికే వేసవి అయిపోతుంది. కాంట్రాక్టు పెట్టడం తప్పని కాదు. అయిదారు పార్కులకు కలిపి ఇద్దరు మనుషులుంటే వాళ్లు మాలీలు కారు, న్యూయార్క్ లారీ బృందాలే.

ఇంతకీ గొర్రెల బీడు ఏమైందంటారా? కొత్త గడ్డి వేశాక దాని మీద పెద్ద కచేరీలు, సభలు మానేశారు. అది ఇప్పుడు నిశ్శబ్ద ప్రాంతం. గట్టిగా పాటలు పెట్టినా ఊరుకోరు. వాన పడి నేల మెత్తబడితే ఆ పూట లోపలికి రానివ్వరు. చలికాలమంతా కంచె గేటు మూసే ఉంటుంది. డిసెంబరులో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఆ పచ్చికలో ఫొటో కుదరదు. కంచె ఇవతల నిలబడి దిగొచ్చు. లేదంటే వసంతం దాకా ఆగాలి.