మసి వెలుగు, కాఫీ పిప్పి మెరుపు

అరకు కొండల్లో విరివిగా కనిపించే రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ దానికి ఆ పేరు పెట్టాడు. ఎర్రటి గార్నెట్ గింజల నడుమ నల్లగా తళుక్కుమనే పలుకులు గ్రాఫైట్‌వి. వేలితో రుద్దితే పెన్సిల్ మరకే అంటుకుంటుంది. అది అచ్చమైన కర్బనం. ఇప్పుడు అదే మూలకంతో శాస్త్రవేత్తలు దీపాలు చేస్తున్నారు.

అన్నిటికంటే పాత ఎల్‌ఈడీ వెలుగు 1907 నాటిది. కార్బొరండం స్ఫటికానికి 10 వోల్టులు ఇచ్చిన హెచ్.జె. రౌండ్‌కు పసుపు కాంతి కనిపించింది. సిలికాన్‌తో కర్బనం కలిస్తే ఏర్పడేదే కార్బొరండం.

ఇప్పుడు చేస్తున్న దీపాల్లో వెలిగేవి కార్బన్ డాట్‌లు అనే అతి చిన్న కర్బన చుక్కలు. 10 నానోమీటర్లు కూడా ఉండవు. 10 లక్షల చుక్కల్ని వరసగా పేర్చినా సెంటీమీటరు దాటదు! 2004లో అమెరికాలో కార్బన్ నానోట్యూబులను శుద్ధి చేస్తుంటే అనుకోకుండా బయటపడ్డాయి. 2007లో కొవ్వొత్తి మసి నుంచి, 2012లో తైవాన్‌లో కాఫీ పిప్పి నుంచి వాటిని తీశారు. ఈ చుక్కలు కలిసిన గోధుమరంగు ద్రవం మీద అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా వెలుగుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా పిప్పితోనూ ఎవరైనా ఈ ప్రయోగం చేస్తే చూడాలని నాకెంతో ఆశ.

ఇలాంటి దీపాలకు అసలు శత్రువు గాలిలోని తేమ. 1987లో కొడాక్ సంస్థలో టాంగ్, వాన్‌స్లైక్ చేసిన ఓఎల్‌ఈడీ (సేంద్రియ ఎల్‌ఈడీ) నుంచీ ఇదే తంటా. ఎలక్ట్రాన్లను అందించే మెగ్నీషియం, కాల్షియం లాంటి లోహాలు గాలి తగిలితే పాడై, తెర మీద నల్లమచ్చలు పడతాయి. అందుకే దీపాన్ని కప్పే చదరపు మీటరు మూతలోంచి రోజుకు గ్రాములో 10 లక్షలవ వంతుకు మించి తేమ దూరకూడదని లెక్క. ఆ చొప్పున ఒక గ్రాము దూరడానికి 2,700 ఏళ్లకు పైగా పడుతుంది! పొద్దున్నే మంచు కమ్మే, నెలల తరబడి వాన పట్టే అరకులో పనిచేయాలంటే ఎంత కట్టుదిట్టం కావాలో ఊహించండి. ఎంత ప్రకాశం అన్న రికార్డు కంటే, మూత లేకుండా ఒక వానాకాలం నిలిచే దీపమే నా లెక్కలో పెద్ద రికార్డు.

దానికి ఒక దారి దీపంలోని పొరల వరస తిరగేయడం. అడుగున జింక్ ఆక్సైడ్, పైన మాలిబ్డినం ఆక్సైడ్ వేస్తారు. రెండూ ముందే ఆక్సైడ్లు కాబట్టి గాలికి అంత సులువుగా లొంగవు. నడుమ కార్బన్ డాట్‌ల పొర; కొన్ని ఇతర చుక్కల దీపాల్లోలా విషపూరితమైన కాడ్మియంతో పని లేదు. చిక్కల్లా, ద్రవంలో ధగధగలాడే ఈ చుక్కలు ఆరి పొరగా మారితే ఒకదానికొకటి అతుక్కుని మసకబారతాయి. వాటిని విడివిడిగా నిలపడానికి మరో పదార్థంలో కలిపి పూతగా వేస్తున్నారు.