హార్ట్‌బీట్ లేదన్నారా? వెంటనే క్లీన్ చేయించాల్సిందేనా? గర్భస్రావానికి ఉన్న మూడు చికిత్సలివే..

స్కానింగ్‌లో బిడ్డకు హార్ట్‌బీట్ లేదని చెప్పగానే చాలా ఇళ్లలో వచ్చే మొదటి మాట ఒకటే.. 'లోపల ఉంటే విషం అవుతుంది, వెంటనే క్లీన్ చేయించేయాలి'. కానీ తల్లి ఆరోగ్యం నిలకడగా ఉంటే, మూడు నెలల్లోపు గర్భస్రావంలో గంటల్లో నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితి చాలాసార్లు ఉండదు. పైగా చికిత్సకు ఒక్క దారి కాదు.. మూడు దారులున్నాయి.

ముందు నిర్ధారణ ముఖ్యం

నెలసరి తేదీల లెక్క తప్పితే, గర్భం చిన్నదిగా ఉండి గుండె చప్పుడు ఇంకా మొదలై ఉండకపోవచ్చు. అందుకే పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, లేదా పిండం కనిపించని గర్భ సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు దాటకపోతే ఒక్క స్కానింగ్‌తోనే తేల్చేయరు. వారం, పది రోజులాగి మళ్లీ స్కాన్ చేస్తారు. అనుమానం ఉంటే రెండో స్కానింగ్ అడగడంలో తప్పేమీ లేదు.

1. ఎదురుచూడటం: బ్లీడింగ్ మరీ ఎక్కువగా లేకపోతే, ఇన్ఫెక్షన్ లేకపోతే శరీరమే దానంతట అది బయటకు పంపేవరకు ఆగొచ్చు. తగినంత సమయం.. అంటే ఎనిమిది వారాల వరకు ఆగితే దాదాపు 80 శాతం మందిలో పూర్తవుతుంది. ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్పలేకపోవడమే ఇందులో ఇబ్బంది.

2. మాత్రలు: మిసోప్రోస్టాల్ అనే మందు గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. దానికి ఒక రోజు ముందు మిఫెప్రిస్టోన్ ఇస్తే ఫలితం ఇంకా మెరుగ్గా ఉంటుంది. అమెరికాలో 300 మంది మహిళలపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో మొదటి చెకప్ నాటికి రెండు మందులూ తీసుకున్నవారిలో సుమారు 84 శాతం మందికి, మిసోప్రోస్టాల్ ఒక్కటే తీసుకున్నవారిలో 67 శాతం మందికి గర్భస్రావం పూర్తయింది. నొప్పి, బ్లీడింగ్ నెలసరి కంటే ఎక్కువగా ఉంటాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని సొంతంగా మాత్రం వాడొద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. ట్యూబు పగిలితే ప్రాణానికే ప్రమాదం.

3. సక్షన్ పద్ధతి: సన్నటి గొట్టంతో గర్భసంచిని ఖాళీ చేస్తారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. దాదాపు 99 శాతం మందిలో ఒక్కసారికే పూర్తవుతుంది. పదునైన పరికరంతో గోకే పాత డీ అండ్ సీ బదులు సక్షన్ వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోకడం వల్ల గర్భసంచి లోపలి పొర దెబ్బతినే ముప్పు ఎక్కువ. కాబట్టి 'ఏ పద్ధతిలో చేస్తారు?' అని డాక్టర్‌ని ముందే అడగాలి.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతున్నా, జ్వరం, దుర్వాసనతో డిశ్చార్జి, కళ్లు తిరగడం, ఒకవైపు తీవ్రమైన కడుపునొప్పి ఉన్నా అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ఆ విషయం తప్పకుండా డాక్టర్‌కి చెప్పాలి. యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమో కాదో వాళ్లు నిర్ణయిస్తారు.

తప్పు ఆమెది కాదు

'బొప్పాయి తిన్నది', 'బండి మీద తిరిగింది', 'బిందె ఎత్తింది' అంటూ అత్తింటివాళ్లు, చుట్టాలు ఆమెనే వేలెత్తి చూపిస్తుంటారు. నిజానికి మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోమ్ లోపాలే. మామూలు ఇంటి పనులు, ప్రయాణాలు కారణం కాదు. గుర్తించిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం ఇలా పోతుంటాయి. ఒకసారి అయినంత మాత్రాన మళ్లీ అలాగే అవుతుందని కాదు. ఎక్కువమందికి తర్వాతి కాన్పు మామూలుగానే జరుగుతుంది. వరుసగా రెండు, మూడుసార్లు అయితే మాత్రం భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి.

రెండు వారాల్లోనే మళ్లీ అండం విడుదల కావచ్చు. వెంటనే గర్భం వద్దనుకుంటే జాగ్రత్తలు అప్పటి నుంచే మొదలుపెట్టాలి.

సెలవు హక్కు ఉంది

చాలామంది ఉద్యోగినులకు తెలియని విషయం ఇది. గర్భస్రావమైతే ఆరు వారాల జీతంతో కూడిన సెలవును 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టమే ఇచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే నిబంధన ఉంది. ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్, స్కానింగ్ రిపోర్టులు దాచుకుంటే సెలవు అడిగేటప్పుడు పనికొస్తాయి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. చికిత్స విషయంలో గైనకాలజిస్ట్ సలహా తప్పనిసరి.)