నీట మునుగు పెంకుపురుగు

వానకాలపు రాత్రులలో వరండాలోని దీపమునకు ఆకర్షింపబడి, నల్లని పెంకుపురుగొకటి ఠప్పున గోడకు తగిలి వెల్లకిల పడుట మనలో పలువురము చూచియే యుందుము. ఇంచుమించు 25 మిల్లీమీటర్ల పొడవు. ఆకుపచ్చ ఛాయగల నలుపు. ఇరుప్రక్కల పసుపు అంచు. నేలపై దాని నడక చూచినచో జాలి కలుగును. నీట విడిచితిమా, అది వేరొక ప్రాణి! వెనుకకాళ్లు రెండును తెడ్లవలె ఒక్కమారుగ ఊపి దూసికొనిపోవును. దీని శాస్త్రీయనామము సైబిస్టర్ ట్రైపంక్టేటస్. చెరువులు, కుంటలు, వరిమళ్లు దీని నివాసములు.

దీనికి చేపవలె మొప్పలు లేవు. తోకకొనను నీటిపైకి చాచి, రెక్కల పెంకుల క్రింద గాలి నింపుకొని మునుగును. ఈ మర్మము నెరిగియే చేపల పెంపకందార్లు, పిల్లలను విడుచుటకు ముందు కుంటపై హెక్టారుకు 18 కిలోల సబ్బు, 56 కిలోల నూనె కలిపి చల్లుదురు. నూనెపొర అడ్డుపడి పురుగునకు ఊపిరాడదు. ఇంతటి పగ ఏల యందురా? దీని పిల్లపురుగు తల్లికంటె క్రూరము. కొడవళ్లవంటి దవడలతో చేపపిల్లను పట్టి, జీర్ణరసమును దాని దేహములోనికెక్కించి, కరగిన మాంసమును పీల్చివేయును. తోకకప్పలను, దోమపిల్లలను సైతము విడువదు. చేపల రైతు తిట్టుచున్న ఈ పురుగునే, దోమకాటు పడు ఊరివారు మెచ్చుకొనవలసియుండును.

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి చెరువును తలచినపుడు ఈ పురుగు మాకు గుర్తుకు వచ్చును. ఆ ప్రాంతము మందుల కర్మాగారములకు నెలవు. 2007లో స్వీడను పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని ప్రకటించిరి. 2014లో వెలువడిన మరియొక పరిశోధన, కాజీపల్లి చెరువులోని సూక్ష్మజీవులలో మందులకు లొంగని జన్యువులు మిక్కుటముగ నున్నవని తెలిపెను.

నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలిపోవునపుడు, పైగాలి పీల్చు ఈ పురుగు కొంత తట్టుకొనగలదు. రెక్కలున్నవి గనుక లేచిపోనుగలదు. అయితే దాని గుడ్లు నీటిమొక్కల కాడలలో నుండును. తిండి ఆ నీటిలోనే. పిల్లపురుగు గూడు కట్టుకొనునది ఆ గట్టు చెమ్మమట్టిలోనే. తల్లి ఎగిరినను, ఇవి ఎగురలేవు గదా! పైగా, ఎగురుచు వచ్చు నీటిపురుగులు చెరువును నీటిమీది మెరుపును బట్టి పోల్చుకొనును. కారు కప్పును చూచి చెరువని భ్రమసి వ్రాలుటయు కలదు.

వరండాలో దొరికినదానిని పట్టదలచినచో ప్రక్కలనుండి పట్టుడు, దవడలు పదునైనవి. పట్టినంతనే మెడవద్ద పాలవంటి దుర్గంధద్రవమును విడుచును. సమీపమున మంచినీటి కుంటయున్న అందు విడిచి, చేతులు కడుగుకొనుడు.