మినీ కామిక్స్

రచయితే బొమ్మలు గీసి, జిరాక్స్ తీసి, మడిచి, పిన్నులు కొట్టి అమ్ముకునే బొమ్మల కథల పుస్తకాలే మినీ కామిక్స్. ఒక కాగితాన్ని రెండుసార్లు మడిచి అంచు కోస్తే ఎనిమిది పేజీలు. అట్టను స్క్రీన్ ప్రింట్ చేసేవారూ, దారంతో కుట్టేవారూ ఉన్నారు. ఇవి పుస్తకాల షాపులకు చేరడం తక్కువ. పాఠకుడికి తారసపడేది కామిక్స్ ఉత్సవాల బల్లల మీదే. అమెరికాలోని మేరీలాండ్‌లో 1994లో మొదలైన ‘స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో’ అలాంటి ఉత్సవమే. అక్కడ 1997 నుంచి ఇస్తున్న ఇగ్నట్జ్ అవార్డుల్లో మినీ కామిక్‌కు ప్రత్యేక విభాగముంది. చేతికిచ్చే బహుమతి ఇటుక! ‘క్రేజీ క్యాట్’ కామిక్‌లో ఇగ్నట్జ్ అనే ఎలుక పిల్లి మీదికి విసిరేది అదే మరి. మినీ కామిక్ పెద్ద ప్రచురణకర్తను చేరడమూ ఉంది: అమెరికా కార్టూనిస్టు ఏడ్రియన్ టోమినే తన ‘ఆప్టిక్ నర్వ్’ కామిక్‌ను 1991లో హైస్కూల్లో ఉండగా ఇలాగే సొంతంగా వేసుకున్నాడు, 1995లో దాన్ని కెనడా ప్రచురణ సంస్థ డ్రాన్ అండ్ క్వార్టర్లీ తీసుకుంది.