అతుకుల బొంతలో మన ముక్క

‘అతుకుల బొంత’ అనే మాటను మనం ఎక్కువగా వెటకారానికే వాడుతుంటాం. పొసగని పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అతుకుల బొంత అంటాం. కాని చలి రాత్రి బొంత కప్పుకుని హాయిగా నిద్రపోయినవారెవరూ దాన్ని చిన్నచూపు చూడరు. కప్పుకున్నవారికి అతుకులు కనిపించవు, వెచ్చదనమే తెలుస్తుంది.

నంద్యాల జిల్లా వెలుగోడు పక్కనే తెలుగుగంగ జలాశయం, దాని వెనుక నల్లమల కొండలు. చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి పండుతుంది. ‘నరసింహ’ అనే పేరున్న పత్తి రకాన్ని రైతుకు అందించింది నంద్యాల పరిశోధనా కేంద్రమే. అయినా పత్తి ఏరిన చేతులకే కొత్త దుప్పటి కొనడం భారమైన రోజులుండేవి. ఆ రోజుల్లో పేదింటి చలికి సమాధానం బొంత. చిరిగిన నూలు చీరలు, పంచెలు ఉతికి ఆరవేసేవారు. కాస్త గట్టిగా ఉన్నవి పైకీ అడుక్కీ, బాగా నలిగిపోయినవి మధ్యలోకీ పరిచేవారు. చిరుగున్న చోట మరో ముక్క అతికి, పెద్ద సూదితో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పొరలన్నిటినీ కలిపి కుట్టేవారు.

ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరే కుడితే అడుగు పొర జరిగిపోతుంది, ఒక పక్క ముడుచుకుంటుంది. అందుకే ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి తలా ఒక వైపు కూర్చునేవారు. సూదితో పాటు మాటా సాగేది. కూతురి కాన్పు, తీరని అప్పు, దారి తప్పిన కొడుకు... ఎదురెదురుగా కూర్చుని అడిగితే పెదవి దాటని బాధ, అందరి చూపూ కుట్టు మీద ఉన్నప్పుడు తేలిగ్గా బయటికి వచ్చేది. బొంత పూర్తయ్యేసరికి ఒక ఇంటికి కప్పు దొరికేది, నలుగురు స్త్రీలకు ఒకరి భారం మరొకరికి తెలిసేది. ఆ పొందులో సభ్యత్వానికి రుసుము లేదు, సూది పట్టగలిగితే చాలు.

అతుకు వేయడంలోని మర్మం యేసుప్రభువుకు బాగా తెలుసు. పాత బట్టకు కొత్త గుడ్డ ముక్కను ఎవరూ అతకరని, అతికితే చిరుగు ఇంకా పెద్దదవుతుందని ఆయన చెప్పాడు (మత్తయి 9:16). తాను తెచ్చిన నూతనత్వం పాత పద్ధతులకు వేసే మాసిక కాదన్నది ఆయన బోధ. ఆ ఉపమానం మాత్రం బొంత కుట్టే ప్రతి తల్లికీ తెలిసిన సత్యమే. ఉతకని కోరాగుడ్డ తొలి ఉతుకులోనే కుంచించుకుపోయి చుట్టూ ఉన్న మెత్తని బట్టను లాగి చింపుతుంది. అందుకే ముందు దాన్ని నానబెట్టి, ఉతికి, మెత్తబడనిచ్చి అప్పుడే అతుకుతారు. మనుషులను కలపడానికీ ఇంతటి ఓర్పు కావాలి.

నంద్యాల సంఘ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసుల్లో చాలామంది ఆనాడు అందులో చేరలేదు. చాలా ఏళ్లు విడిగానే కొనసాగారు. తరువాతి కాలంలో నంద్యాల డయాసిస్ కూడా దక్షిణ ఇండియా సంఘంలో భాగమైంది. ఆలస్యంగా చేరినంత మాత్రాన ముక్క విలువ తగ్గదు. కుట్టు గట్టిగా పడిందా లేదా అన్నదే ముఖ్యం.

సూదిదారంతో ప్రభువును సేవించిన స్త్రీ యొప్పేలోని తబిత. ఆమెకే దొర్కా అని మరో పేరు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె తమకు కుట్టిచ్చిన అంగీలను పేతురుకు చూపించారు (అపొ.కా. 9:36–42). ఆమె ప్రసంగాలు చేసినట్టు అక్కడ లేదు. ఆమె చేతిపనే ఆమె పక్షాన మాట్లాడింది. దేవుడు ఆమెను తిరిగి బ్రతికించి, ఆ విధవరాండ్రకే అప్పగించాడు. తరువాతి శతాబ్దాల్లో పేదలకు బట్టలు కుట్టిచ్చే ఎన్నో స్త్రీల సంఘాలు ఆమె పేరే పెట్టుకున్నాయి.

అతుకుల బొంత ప్రాణాలకు ఎంత ఆసరా ఇవ్వగలదో 1942లో సింగపూర్ చూసింది. జపాన్ సైన్యం ఆ నగరాన్ని పట్టుకుని, అక్కడి విదేశీ స్త్రీలను, పిల్లలను చాంగీ జైలులో పెట్టింది. భర్తలు వేరే శిబిరాల్లో బందీలు. ఎవరు బ్రతికున్నారో ఎవరికీ తెలియదు. అప్పుడు ఎథెల్ మల్వనీ అనే కెనడా మహిళ తోటి ఖైదీలకు తలా ఒక చదరపు గుడ్డ ఇచ్చి, దాని మీద తమ గుర్తుగా ఏదైనా కుట్టి పేరు రాయమంది. ఒక్కోదానిలో 66 చదరాలతో మూడు బొంతలు తయారయ్యాయి. ఒకటి గాయపడిన బ్రిటిష్ సైనికులకు, ఒకటి ఆస్ట్రేలియన్లకు, మూడోది గాయపడిన జపనీయులకు అని కుట్టారు. శత్రువుకూ ఒకటి కుడితేనే మిగిలినవి గడప దాటుతాయన్న యుక్తి అందులో ఉంది. అయినా తమను బంధించినవారి గాయాలను తలచి సూది పట్టడం చిన్న విషయం కాదు. తమవారి పేరు ఆ ముక్కల్లో చూసుకున్నవారికి అది దుప్పటి కాదు, ‘నేనింకా ఉన్నాను’ అన్న కబురు.

ఇప్పుడు మిల్లు దుప్పట్లు చౌకగా దొరుకుతున్నాయి. నూలు చీరల స్థానంలో బొంతకు పనికిరాని పాలిస్టర్ చీరలు వచ్చాయి. చలికి లోటు లేదు గాని, నలుగురూ చుట్టూ కూర్చునే ఆ చోటు తగ్గిపోయింది. ఆదివారం ఒకే మందిరంలో పక్కపక్కనే కూర్చుని, పక్కవారి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలియకుండా వెళ్లిపోయేవారు ఎందరో! ఒకే ప్రభువును ఆరాధిస్తూనే, పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగేవారూ ఉన్నారు. పక్కపక్కన పరిచినంత మాత్రాన ముక్కలు బొంత కావు. సూది ప్రతి పొరనూ గుచ్చుకుంటూ వెళ్లాలి. కాస్త నొప్పి లేకుండా ఏ కలయికా లేదు.

మన సంఘాల స్త్రీల సమాజాలు వారంలో ఒక్క మధ్యాహ్నం పాత నూలుబట్టలు పోగుచేసి కూర్చుంటే ఎంత బాగుంటుంది! పెద్దమ్మలు కుట్టు నేర్పుతారు, కొత్త కోడళ్లు దారం ఎక్కిస్తారు. ఆ బొంత ఊళ్లో ఒక వృద్ధురాలికో, ఒక బాలింతకో చేరుతుంది. మన జీవితం ఎంత నలిగిన గుడ్డ అయినా సరే, ఆయన చేతిలో పెడదాం. బొంతలో మధ్య పొరకు నలిగిన గుడ్డనే వెతుకుతారు. వెచ్చదనం దాచేది అదే కదా!